పుర్రచేతి తుపాకి

మట్టిపిట్ట గాలిలోకి లేవాలంటే తుపాకి పట్టినవాడు నోరు తెరిచి "పుల్" అని అరవాలి. ఆ ఆట నియమం అది. ఏలియాకు అరవడం చేతకాదు. పెళ్ళినాడు పాస్టరుగారు ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని అడిగితే తలూపి ఊరుకున్న మనిషి. నోటితో చెప్పు నాయనా, జనం వినాలి అని పాస్టరుగారు బతిమాలితే చెవుల దాకా ఎర్రబడి ఏదో గొణిగాడట. ప్రేమమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతుంది.

అందుకని ఏలియా తరఫున పర్శరాములు అరిచేవాడు. ఇద్దరూ మందమర్రిలో ఒకే బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాళ్ళు. ఏలియా తుపాకి భుజానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, గడ్డం కొంచెం ఆడిస్తాడు. వెనక నిలబడ్డ పర్శరాములు అది చూసి క్వారీ దద్దరిల్లేలా "పుల్" అంటాడు. అవతల గుంతలో ఓంప్రకాశ్ మీట లాగితే యంత్రం చెయ్యి చటుక్కున తిరిగి నారింజరంగు పిట్టను ఆకాశంలోకి విసురుతుంది. పిట్ట అంటే పిట్ట కాదు. చాయ్ సాసరంత ఉండే బోర్లించిన మూకుడు. తగిలితే ఎర్రటి దుమ్మై రాలిపోతుంది. తగలకపోతే అవతలి గడ్డిలో చెక్కుచెదరకుండా పడుతుంది.

ఏలియా పిట్టలు ఎక్కువగా గడ్డిలోనే పడేవి.

"మల్ల పాయె," అన్నాడు పర్శరాములు ఆ శనివారం. "ఏలిగా, గవి ఏరుకొచ్చి మల్ల వాడుకోవచ్చు తీ. ఓంప్రకాశ్ సార్‌కు నీ అంత లాభం తెచ్చే గిరాకి లేడు."

ఏలియా తుపాకి మడత విప్పి, కాలిన తూటా తీసి జేబులో వేసుకున్నాడు.

మంచిర్యాల దాటాక రోడ్డుకు ఎడంగా ఉన్న ఆ పాడుబడ్డ రాతి క్వారీలో ఈ ఆట పెట్టింది ఓంప్రకాశ్. పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే పని చేసి దిగినవాడు. తన దగ్గరున్న పాత తుపాకినే వచ్చినవాళ్ళకు ఇచ్చి, దగ్గరుండి ఆడించేవాడు.

"ఏలియా, ఇది పది మంది చేతుల్లో పడి అరిగింది. ఇంకొకడి చెప్పులేసుకుని ఉరికినట్టున్నది నీ కథ," అన్నాడు ఓంప్రకాశ్. "లైసెన్సున్నది గద నీకు. నీ ఒంటికి సరిపడేది ఒకటి కొనుక్కోరాదు?"

లైసెన్సు వచ్చిన దారి వేరు. ఏలియా తండ్రికి జొన్నచేలో పందులను బెదరగొట్టడానికి మూతి నుంచి మందు దట్టించే తుపాకి ఒకటుండేది. తండ్రి పోయాక, ఆఫీసుల చుట్టూ చాలా కాలం తిరిగిన మీదట ఆ లైసెన్సు కొడుకు పేరున మారింది. తుప్పు పట్టిన తుపాకిని సర్కారుకు అప్పజెప్పమన్నారు. దాని బదులు ఇంకోటి కొనుక్కోవచ్చన్నారు, కానీ ఫలానా తేదీలోపు కొనాలన్నారు. ఆ తేదీ ఈ నెలాఖరు. అది దాటితే మళ్ళీ మొదటి బల్ల దగ్గర్నుంచి మొదలు. ఏలియాకు అంత ఓపిక లేదు. పైగా తుపాకి అంటే సంతలో కొన్న గొడ్డలి కాదు, నచ్చకపోతే వచ్చే వారం మార్చుకోవడానికి. అమ్మాలన్నా అనుమతి, మార్చాలన్నా అనుమతి. ఇప్పుడు ఏది తెచ్చుకుంటే చివరిదాకా అదే.

ప్రేమమ్మ మాట ఒక్కటే. "కొట్టొస్తే కొనుక్కో, నేనొద్దన. కొట్టరాకపోతే ఆ కాగితం వాపస్ ఇచ్చెయ్యి. పెంకులు పగలగొట్టుటానికే అయితే మనింట్ల పాత కుండలు శాన ఉన్నయి, వాటికి లైసెన్సు గూడ అక్కర్లేదు."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. కోడిని కొయ్యాలన్నా కళ్ళు మూసుకునే మనిషికి తుపాకి దేనికి? ఏలియాకూ జవాబు తెలుసు, చెప్పడమే రాదు. ముప్పై ఏళ్ళు తల వంచుకుని, ఎక్కడ రాయి ఊడి పడుతుందోనని పైకప్పుకు జంకుతూ బతికినవాడికి తలెత్తి ఆకాశం చూడటానికి ఒక సాకు దొరికింది. ఆ నీలిరంగులో నారింజరంగు చుక్క లేచి, ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, పొడిపొడిగా విడిపోతుంటే లోపల ఏదో బరువు దిగినట్టుండేది. నెలకు ఒకటో రెండో పగిలినా ఆ నెలంతా మనసు తేలిగ్గా ఉండేది. కాగితం వాపసిస్తే అది పోతుంది.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ కరీంనగర్ బస్సెక్కారు.

గడియార స్తంభం దగ్గరి గల్లీలో ఇనుప జాలీ తలుపు దుకాణం సర్దార్‌ది. వాళ్ళ తాత నాటి నుంచి అదే వ్యాపారం. లోపల నూనె వాసన. గోడకు వరసగా నిలబెట్టిన తుపాకులన్నిటికీ కలిపి ఒకటే గొలుసు, దానికి అరచేయంత తాళం. లైసెన్సు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి సర్దార్ చాయ్ చెప్పాడు.

"కాకా, దేనికి? చేనుకా, ఆటకా?"

ఏలియా చూపుడువేలు పైకెత్తి గాలిలో అడ్డంగా గీత గీశాడు.

"మట్టిపిట్టలు," అన్నాడు పర్శరాములు. "సర్దార్ భాయ్, ఈయన మాట్లాడడు. మాట్లాడుడు నాది, పైసలు ఈయనయి. జర మంచిది, జర సస్తాది చూపియ్యి."

సర్దార్ నవ్వుతూ తాళం తీశాడు. ముందు కొత్తది ఒకటి చూపించాడు. దాని ధర చెప్పగానే పర్శరాములు చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇది గోడకే ముద్దుగున్నది, ఆన్నే ఉండనీ," అన్నాడు. తర్వాత ఒంటిగొట్టంది. చవకే. కానీ తేలిగ్గా ఉంది.

"తేలికది భుజం పగలగొడ్తది కాకా. పూట ఆడేసరికి కమిలిపోతది," అన్నాడు సర్దార్. "ఇంకోటి, ఆటల ఒక్కోసారి రెండు పిట్టలు ఒక్కపారే లేస్తయి. ఒక్క గొట్టంతోని రెండోదాన్ని చూసుకుంట నిలబడాలె."

మూడోది చూడగానే పర్శరాములు లేచి నిలబడ్డాడు. పక్కపక్కన రెండు పొడుగాటి గొట్టాలు. ఇనుము మీద బాతులు, తామరాకులు చెక్కి ఉన్నాయి. దాన్ని సంతలో మేకను ఎత్తి చూసినట్టు రెండు చేతులతో ఎత్తి బరువు చూశాడు. "గిది రా తుపాకంటే! గొట్టం చూడు, ఎంత పొడుగున్నదో. గుండు గోదారి దాటుతది."

"గోదారి దాటి ఏం చేస్తది కాకా? మంథనోళ్ళు కేసు పెడ్తరు," అన్నాడు సర్దార్. "పిట్ట పగిలేది మన గల్లీ మూలంత దూరంల. గొట్టం పొడుగుకు, బాతుల బొమ్మలకు పైసలు పెట్టకు. భుజానికి ఆనేకాడ, దవడ ఆనేకాడ చూసుకో. చెవి పక్కన పెట్టి ఊపు, ఇగో... వినపడ్తుందా? కీలు వదులైంది. చూపుకు దొర, లోపల ముసలోడు."

ఏలియాకు ఈ మనిషి నచ్చాడు. అమ్మేవాడే వంక చెబుతున్నాడు. అయినా బాతుల తుపాకి తీసుకుని కుడి భుజానికి ఎత్తాడు. తల వంచి దవడ ఆనించాడు. ఎప్పటిలాగే గొట్టం చివర ఉండాల్సిన చోట కాక పక్కకు జరిగినట్టనిపించింది. మెడ ఇంకొంచెం వంచాడు.

సర్దార్ అది చూశాడు. బల్ల మీది టేపు చుట్ట తీసి ఇచ్చాడు. "కాకా, రెండు చేతులతోని దీన్ని ముందుకు చాపి పట్టు. రెండు కండ్లు తెరిచే ఉంచు. దీని బొక్కలకెల్లి నా ముక్కు చూడు."

ఏలియా చూశాడు.

"బొక్కలకెల్లి నాకు నీ ఎడమ కన్ను కనపడ్తుంది," అన్నాడు సర్దార్. "నీకు రెండు కండ్లల్ల ఎడమదే పెత్తనం. తుపాకి కుడి భుజం మీద, చూపు ఎడమ కంటిది. ఇంక పిట్ట ఎట్ల పగుల్తది?"

మూలకు వెళ్ళి గోనెసంచి చుట్టిన తుపాకి ఒకటి తెచ్చాడు. అదీ రెండు గొట్టాలదే. బొమ్మలేమీ లేవు. నల్లటి ఇనుము, ముదురు కట్టె. పర్శరాములు దాన్ని అందుకుని, భుజానికి ఎత్తి, మొహం చిట్లించాడు.

"గిదేంది భాయ్, కట్టె వంకరపోయింది. ఎండల పెట్టినవా?"

"అందరూ గదే అంటరు. వంకర గాదు కాకా, ఎడమ చేతోడి కోసం కావాలని గట్ల వంచి చేసిన్రు. మా బాపు ఉన్నప్పటి సరుకు. చూసినోడల్లా పక్కన పెట్టిండు. అందుకే దీని ధర అడిగితే నాకే సిగ్గైతది. లోపల మాత్రం కొత్తపెండ్లి పిల్లగాడి లెక్క ఉన్నది."

పర్శరాములు తుపాకి వంక చూశాడు, ఏలియా వంక చూశాడు. ఆపుకోలేకపోయాడు. "భాయ్, ఈడు పుట్టు పుర్రచెయ్యోడు! నాకెర్కలేదా? ఇరవై ఏండ్లు ఈనికి ఎదురుంగ నిలబడి చెమ్మస్ కొట్టిన!"

ఏలియా మొహంలో రంగు మారింది. టేపు చుట్టను బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని, జాలీ తలుపు తోసుకుని బయటికి నడిచాడు.

మూలమీది హోటల్లో పర్శరాములు అతన్ని పట్టుకున్నాడు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. పర్శరాములు రెండు చాయ్‌లు చెప్పాడు.

ఏలియా పుట్టుకతో ఎడమచేతివాడే. అది పోగొట్టింది తల్లి దేవవ్వ. అన్నం ముందు కూర్చోబెట్టి, పాత చీరపేలికతో ఎడమచెయ్యి మొలకు కట్టేది. ఏడ్చినా విప్పేది కాదు. "రేపు గుడిల ప్రభువు బల్లకాడ రొట్టె ఇస్తుంటే పుర్రచెయ్యి చాపుతవా? మనల్ని చూసి నలుగురు నవ్వాల్నా?" అనేది. బడిలో పంతులు కూడా అదే చేతి మీద కొట్టాడు. మూడో తరగతితో బడి పోయింది కానీ కుడిచెయ్యి నిలిచింది. తినడం, రాయడం, దండం పెట్టడం అన్నీ కుడితోనే. దేవవ్వ ఇప్పటికీ బతికే ఉంది. ఎనభై దాటింది. పళ్ళెం ముందు కూర్చున్న కొడుకు చేతి మీద ఇప్పటికీ ఓ కన్నేసి ఉంచుతుంది.

బాయిలో మాత్రం సంగతి వేరు. టబ్బుకు బొగ్గెత్తే ఫిల్లర్లు ఇద్దరిద్దరు జతగా పనిచేస్తారు. ఇద్దరూ ఒకే చేతివాళ్ళయితే చెమ్మసులు, అంటే బొగ్గెత్తే పారలు, ఒకదానికొకటి కొట్టుకుంటాయి. ఒకడు కుడి, ఒకడు ఎడమ అయితే ఒకడి పార ఎత్తుతుంటే ఒకడిది దిగుతుంది, గడియారం ఆడినట్టు. అందుకే ఎడమచేతివాడు దొరికితే ఫిల్లర్లు ఎగరేసుకుపోయేవారు. పర్శరాములు మొదటిరోజే ఏలియాను గుర్తుపట్టి పక్కకు లాక్కున్నాడు.

"నాతోని జతకు ఎంతమంది కొట్లాడిన్రో యాది లేదా?" అన్నాడు పర్శరాములు. "నీ పుర్రచెయ్యి వల్లనే గద మన టబ్బు అందరికంటె ముందు నిండేది. అప్పుడు సిగ్గు లేకపాయె, ఇప్పుడొచ్చిందా?"

"గది వేరే," అన్నాడు ఏలియా.

"ఏం వేరే?"

ఏలియా చాయ్ అంతా తాగాడు. గ్లాసు బోర్లించాడు. "బాయిల చీకటి."

పర్శరాములు పడీపడీ నవ్వాడు. బెంచీ ఊగింది. "అంటే... మీ అవ్వ కనిపెడ్తదని? అరవై దాటినోనివి, పింఛన్ తీసుకునేటోనివి, మీ అవ్వకు భయపడి..."

"నవ్వకు."

"నవ్వుత లేనురా. తుమ్మొచ్చింది."

తిరిగి దుకాణానికి వెళ్ళి క్షమించమన్నట్టు నిలబడితే సర్దార్ ఏమీ అనుకోలేదు. "కాకా, ఆదివారం మీ క్వారీకి తూటాలు తెస్త. దీన్ని గూడ తెస్త, ఆ బాతులదాన్ని గూడ తెస్త. రెండూ కాల్చి చూడు. చేతికి ఒదిగింది తీసుకో. ఒదగకపోతే ఒక చాయ్ తాగి దోస్తులం లెక్క ఇంటికి పోదాం. ఫికర్ చెయ్యకు."

ఆదివారం ఆరాధన అయ్యాక ఏలియా క్వారీకి చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. ఓంప్రకాశ్ యంత్రానికి నూనె పెడుతున్నాడు. సర్దార్ బండి డిక్కీలోంచి రెండు తుపాకులు దించి గుడ్డ మీద పడుకోబెట్టాడు. పర్శరాములు గొంతు సవరించుకున్నాడు.

ముందు బాతుల తుపాకి. కుడి భుజం. పుల్. పోయింది. పుల్. పోయింది. మూడోదాని అంచు ఏదో రేగినట్టయింది కానీ అది గాలికి కూడా కావచ్చు.

సర్దార్ రెండోది అందించాడు.

ఏలియా చుట్టూ చూశాడు. నలుగురు మగవాళ్ళు తప్ప ఎవరూ లేరు. నల్ల తుపాకిని ఎడమ భుజానికి ఎత్తాడు. ఎత్తడం కూడా కాదు, అదే ఎక్కి కూర్చుంది. కట్టె దవడకు ఎదురొచ్చి ఆనింది, మెడ వంచే పనే పడలేదు. గొట్టం ఉండాల్సిన చోటే ఉంది. అరచెయ్యి కింద కట్టె, పాత చెమ్మసు కామలాగా చల్లగా, తెలిసినదానిలాగా తగిలింది. పార ఎత్తే ముందు నిలబడినట్టే కాళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి.

గడ్డం ఆడించాడు.

"పుల్!"

పిట్ట లేచింది. దాని వెంట గొట్టం, గొట్టం వెంట చూపు అని కాదు, మూడూ కలిసి పోయాయి. ధన్‌మని మోత. ఆకాశంలో ఎర్రటి దుమ్ము.

పర్శరాములు ఈసారి గడ్డం కోసం కూడా ఆగలేదు. "పుల్!" రెండోదీ అలాగే పోయింది. మూడోది తప్పింది. నాలుగోది పగిలి ముక్కలు క్వారీ గోడకు తగిలి టపటపా రాలాయి.

"వారెవ్వా కాకా!" అన్నాడు సర్దార్.

ఏలియా తుపాకి మడత విప్పి వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే నిలబడిపోయాడు. ఆటో ఒకటి ఆగి ఉంది. మోత చెవుల్లో ఉండటంతో అది వచ్చిన చప్పుడే వినలేదు. తుమ్మచెట్టు నీడలో రాయి మీద దేవవ్వ కూర్చుని ఉంది. పక్కనే టిఫిన్ డబ్బాతో ప్రేమమ్మ.

పర్శరాములు ఆకాశం వైపు చూశాడు. వాళ్ళను ఇక్కడికి రమ్మని చెప్పింది అతనే.

ఏలియా ముందుకు తిరిగాడు. రెండు తూటాలు పెట్టాడు. నల్ల తుపాకిని కుడి భుజానికి మార్చాడు, ఎడమ చేతిలోని రొట్టెముక్కను కుడిచేతికి మార్చుకున్న పిల్లాడిలాగా. కట్టె దవడను పొడిచింది. పిట్ట హాయిగా ఎగిరిపోయి గడ్డిలో వాలింది. ఇంకొకటి. అదీ అంతే.

"ఒరే ఏలియా!" దేవవ్వ గొంతు సన్ననిదే, కానీ క్వారీలో ప్రతి మాటా వినబడుతుంది. "ఇటు పెట్టినప్పుడు పలిగె గద. అటెందుకు మార్చినవ్?"

ఏలియా మడత విప్పాడు. నేల చూశాడు. "నువ్వే గదనే అవ్వా..." అన్నాడు. మిగతాది చెప్పలేక ఎడమచెయ్యి కొంచెం ఎత్తి చూపించాడు.

దేవవ్వకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నడుం పట్టుకుని లేచింది.

"ఓరి పిచ్చి కొడకా! బువ్వ తినే చెయ్యి మార్చిన. బల్లకాడ చాపే చెయ్యి మార్చిన. తుపాకి పట్టే చెయ్యి గురించి నేనేమన్న అన్ననారా? అప్పుడు నీకు తుపాకి యాడిది, నాకు ఎర్క యాడిది?"

ముందు నవ్వింది ప్రేమమ్మ. తర్వాత ఓంప్రకాశ్ గుంతలోంచే నవ్వాడు. సర్దార్ టోపీ తీసి తల గోక్కుంటూ నవ్వాడు. ఏలియా నవ్వలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి, పెళ్ళినాటిలాగే.

"ఇగ కొట్టు," అంది దేవవ్వ మళ్ళీ రాయి మీద కూర్చుంటూ. "నేను జూడాలె. మీ బాపు ఆ తుపాకి మోసుడే గని ఒక్క పందిని గూడ కొట్టలే."

ఏలియా ముందుకు తిరిగాడు. ఎడమ భుజానికి ఎత్తాడు. వెనక పర్శరాములు ఊపిరి పీల్చుకుని, గడ్డం ఎప్పుడాడుతుందా అని చూస్తున్నాడు. గడ్డం ఆడలేదు.

"పుల్!"

అది ఎవరి గొంతో మొదట ఎవరికీ తెలియలేదు. బొంగురుగా, పెద్దగా, పూడిన బాయి నోరు తెరిచినట్టు వచ్చింది. క్వారీ నాలుగు గోడలూ దాన్ని తలా ఒకసారి అన్నాయి. ఓంప్రకాశ్ ఉలిక్కిపడి మీట లాగడం ఒక్క లిప్త ఆలస్యం చేశాడు. అయినా పిట్ట లేచింది, లేచినచోటే దుమ్మైంది.

పర్శరాములు పీల్చిన ఊపిరి మెల్లగా వదిలాడు. "అయిపాయె. ఇగ నా నౌకరి పాయె," అన్నాడు. "సర్దార్ భాయ్, నీ దుకాణంల అరిసేటోళ్ళ పని ఏమన్న ఉన్నదా?"

ప్రేమమ్మ అప్పటికే సర్దార్ దగ్గరికి చేరింది. చీర కొంగు నడుముకు చెక్కింది, బేరానికి దిగేటప్పుడు ఆమె అలవాటు అది. "అన్నా, కట్టె జూస్తే వంకర. బొమ్మల్లెవ్వు. ఎవ్వరు కొనని సరుకట. నువ్వే దానికి పైసలియ్యాలె మాకు."

"అక్కా, ఇందాక దాకా వంకర. నీ పెనిమిటి నాలుగో పిట్ట కొట్టినంక అది సీదా అయింది," అన్నాడు సర్దార్. అయినా కొంత తగ్గించాడు. ఒక పెట్టె తూటాలు ఊరికే వేశాడు. కాగితం పని రేపు పొద్దున్నే దుకాణంలో చేద్దామని, నెలాఖరు దాకా ఆగవద్దని చెప్పి చాయ్ కోసం కూర్చున్నాడు.

తుమ్మచెట్టు కింద గుడ్డ పరిచారు. ప్రేమమ్మ డబ్బా విప్పి జొన్నరొట్టెలు, కోడికూర అందరికీ వడ్డించింది. ఏలియాకు చేతుల్లో ఇంకా తుపాకి అదురే ఉంది. ఎడమ భుజం వెచ్చగా, హాయిగా నొప్పి పెడుతోంది. తలెత్తి ఆకాశం చూస్తూనే పళ్ళెంలోకి చెయ్యి పెట్టాడు.

చేతి మీద చిన్న దెబ్బ పడింది.

"తినేకాడ గాదు," అంది దేవవ్వ.

ఏలియా చెయ్యి మార్చుకున్నాడు.